రిఫరెన్సులు ముందు చూడాలా, చివర చూడాలా? ప్రేరణ గురించి ఒక డిజైనర్ సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రెండేళ్లుగా గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేస్తున్నారు. కొత్త పని రాగానే పింటరెస్ట్, బిహాన్స్ వంటి డిజైన్ల వెబ్‌సైట్లు తెరిచి గంటల తరబడి చూస్తారు, నచ్చినవన్నీ ఒక ఫోల్డరులో దాచుకుంటారు. తీరా గీయడానికి కూర్చుంటే ఆ చూసినవాటి నీడలే కాగితం మీదికి వస్తున్నాయి. ప్రస్తుతం ఒక ఫిజియోథెరపీ కేంద్రానికి లోగో చేస్తున్నారు, అక్కడా అదే తంతు. అనుభవం ఉన్నవాళ్లు ప్రేరణ ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు, అసలు సృజన పుట్టుకతో రావలసిందేనా అని అడిగారు.

సూటిగా చెబుతాను. రిఫరెన్సులు, అంటే ప్రేరణ కోసం చూసే నమూనాలు, చూడటం మానక్కర్లేదు, చూసే వరుస మార్చండి. ముందు సమస్య. తర్వాత మీ సొంత పిచ్చిగీతలు. ఆ తర్వాత మీ పనితో ఏ సంబంధమూ లేని వస్తువులు. అదే రంగంలో ఇతరులు చేసిన డిజైన్లు అన్నిటికంటే చివర. మీరు ఇదే వరుసను తలకిందులుగా నడుపుతున్నారు. పుట్టుకతో వచ్చే ప్రతిభ గురించి నేను ఆలోచించడం ఎప్పుడో మానేశాను. ఉన్నా లేకపోయినా సోమవారం పొద్దున క్లయింటుకు ఏదో ఒకటి చూపించక తప్పదు.

చూసినదే చేతికి రావడం మీ ఒక్కరి బలహీనత కాదు. 1991లో డేవిడ్ జాన్సన్, స్టీవెన్ స్మిత్ అనే పరిశోధకులు దీన్ని ప్రయోగం చేసి చూపించారు. వాళ్లు ఇచ్చిన పనుల్లో ఒకటి ఒలకని కాఫీ కప్పును రూపొందించడం. కొందరికి ముందుగా ఒక నమూనా బొమ్మ చూపారు, కొందరికి చూపలేదు. ఆ నమూనాలో స్ట్రా ఉంది, నోట్లో పెట్టుకుని పీల్చే మూతి ఉంది. ఈ రెండూ వాడకూడదని షరతు కూడా పెట్టారు. అయినా నమూనా చూసినవారి డిజైన్లలో, చూడనివారితో పోలిస్తే, అవి ఎక్కువగా వచ్చి కూర్చున్నాయి. దీనికి వాళ్లు డిజైన్ ఫిక్సేషన్ అని పేరు పెట్టారు. వద్దని ముందే చెప్పిన లోపాన్ని సైతం చేయి గీసేస్తుందన్నది అందులో నన్ను కదిలించిన విషయం. ఇక వద్దని ఎవరూ చెప్పని వందల బొమ్మల్ని చూసి కూర్చున్నవాడి సంగతి చెప్పాలా?

ఇంకో చిక్కు ఉంది. దాచుకున్న బొమ్మల్లో మీకు కనిపించేది పూర్తయిన పని మాత్రమే. ఆ నీలం రంగు ఎందుకు వచ్చిందో, యజమాని ఎన్నిటిని తోసిపుచ్చాడో, ఒక్క రంగులోనే అచ్చు వేయాలన్న షరతు ఉందో లేదో ఏమీ తెలియదు. కారణాలన్నీ రాలిపోయి రూపం ఒక్కటే మీ తెర మీదికి చేరుతుంది. అలాంటి రూపాన్ని తెచ్చి మీ క్లయింటుకు అతికించబోతే అది అతకదు. అతకనప్పుడు మీకు ప్రేరణ చాలలేదనిపించి ఇంకో గంట వెతుకుతారు.

సమస్యను చూడటం అంటే ఏమిటి? బ్రీఫ్, అంటే క్లయింటు రాసిచ్చే పని వివరణ, చదవడం కాదు. బ్రీఫులో సాధారణంగా "ఆధునికంగా, నమ్మకం కలిగించేలా, ఆకర్షణీయంగా ఉండాలి" అని ఉంటుంది. ఏ కంపెనీకైనా సరిపోయే మాటలవి. నేను చేసేది, ఆ వస్తువును వాడేవారి పక్కన కాసేపు కూర్చోవడం.

ఒక ఉదాహరణ చెబుతాను. వృద్ధులు రోజూ వేసుకోవలసిన మందుల కార్డు ఒకటి రూపొందించమని నాకు పని వచ్చింది. మందుల పేర్లు, వేళలు, మోతాదులతో ఒక పట్టిక అప్పటికే ఉంది. దాన్ని అందంగా చేయాలన్నది అడిగిన సంగతి. నేను కొందరి ఇళ్లలో వాళ్లు మందులు వేసుకునే వేళకు వెళ్లి కూర్చున్నాను. ఎవరూ పేరు చదవడం లేదు. "పొద్దున ఆ పొడుగు తెల్లది, రాత్రికి గుండ్రటి పసుపుది" అంటూ ఆకారంతో గుర్తుపడుతున్నారు. కార్డులో పెద్ద అక్షరాలతో ఉన్న పేరు వాళ్లకు అసలు పనికిరావడం లేదు. సరే, మాత్రల బొమ్మలు అసలు సైజులో అచ్చు వేద్దామనుకున్నాను. మందుల దుకాణంలో అడిగితే, అదే మందు మరో కంపెనీది ఇచ్చినప్పుడు రంగూ ఆకారమూ మారిపోతాయని చెప్పారు. దాంతో బొమ్మలు తీసేసి, ప్రతి వేళకూ ఒక ఖాళీ గడి వదిలాను. మందు ఇచ్చేవారు అప్పటికప్పుడు ఆ మాత్ర ఆకారం పెన్నుతో గీసి, రంగు పేరు రాసి ఇస్తారు. మందు పేరూ మోతాదూ పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటాయి, డాక్టరుకు అవి కావాలి కాబట్టి. చివరికి ఆ ఖాళీ గడులే కార్డు రూపమంతా అయ్యాయి. ఆ ఆలోచన ఏ వెబ్‌సైటులోనూ దొరికేది కాదు. దుకాణంలో మనిషి చెప్పిన ఒక ఇబ్బంది నుంచి వచ్చింది.

డిజైన్ చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణ లండన్ భూగర్భ రైళ్ల పటం. హ్యారీ బెక్ ఆ రైళ్లు నడిపే సంస్థలో డ్రాఫ్ట్స్‌మన్‌గా, అంటే నక్షలు గీసే ఉద్యోగిగా, పనిచేసినవాడు. 1931లో ఆ పటాన్ని గీశాడు. సొరంగంలో ప్రయాణించే మనిషికి పైన ఏ వీధి ఎటు వంపు తిరిగిందో అక్కర్లేదు. ఏ స్టేషన్ తర్వాత ఏది వస్తుంది, రైలు ఎక్కడ మారాలి అన్నవి తెలిస్తే చాలు. అందుకని దూరాల లెక్క వదిలేసి, మార్గాలన్నిటినీ నిలువు, అడ్డం, 45 డిగ్రీల ఏటవాలు గీతలుగా సర్దేశాడు. సంస్థ మొదట ఒప్పుకోలేదు. 1933లో జేబు పటంగా అచ్చు వేస్తే జనం చేతుల్లోకి వెళ్లిపోయింది. ఆ పటం అందం గురించి చాలామంది మాట్లాడతారు. నేను మాత్రం ప్రయాణికుడికి ఏది అక్కర్లేదో తేల్చుకోవడమే అందులో అసలు పని అంటాను. ఆ తేల్చుకోవడం అయ్యాక గీతలు వాటంతట అవే తిన్నగా నిలబడ్డాయి.

క్లయింటును నేను అడిగే ప్రశ్నలు చాలానే ఉంటాయి గానీ, ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇది: "మీ రంగంలో అందరూ చేసే ఏ పని చూస్తే మీకు చిరాకు?" నచ్చినవి చెప్పమంటే మనుషులు మర్యాదగా మాట్లాడతారు. చిరాకు గురించి అడిగితే గొంతు మారుతుంది, నిజం బయటికి వస్తుంది.

ఇక సొంత గీతలు. కంప్యూటర్ మూసేసి, పెన్సిల్‌తో, చిన్న చిన్న గడుల్లో గీయండి. మొదట వచ్చేవన్నీ అరిగిపోయిన ఆలోచనలే. ఫిజియోథెరపీ అనగానే చేతులు పైకెత్తిన మనిషి, వెన్నెముక వంపు, అరచేతుల మధ్య ఆకు, ప్లస్ గుర్తు. వాటిని అణచిపెట్టకండి, కాగితం మీద పారేయండి. బుర్రలో ఉన్నంతసేపు అవి కొత్తవాటికి దారి ఇవ్వవు. నా పుస్తకాల్లో మొదటి రెండు పేజీలు ఎవరికీ చూపించేలా ఉండవు. మూడో పేజీ ఎడారిలా ఉంటుంది, ఏమీ తట్టదు. సాధారణంగా ఆ తర్వాతే ఏదో ఒకటి కదులుతుంది. మీరు మూడో పేజీ దగ్గరే పింటరెస్ట్ తెరుస్తున్నారని నా అనుమానం.

కాగితమే ఎందుకు అంటే, కంప్యూటర్ మీద మొదటి ఆలోచనకే చక్కటి అంచులు, సరైన ఫాంటు వచ్చేస్తాయి. ముద్దుగా కనిపించేదాన్ని చంపడానికి చేయి రాదు. పెన్సిల్ గీతకు ఆ రక్షణ లేదు. డిజైనర్ సుసాన్ కేర్ ఆపిల్ కంపెనీ తొలి మాకింటాష్ కంప్యూటర్ ఐకాన్లను మొదట గడుల కాగితం మీద, ఒక్కో గడిని ఒక్కో పిక్సెల్‌గా లెక్కించి గీసింది. 32 గడుల వెడల్పు, 32 గడుల ఎత్తు, నలుపు తెలుపు మాత్రమే. అంత ఇరుకులో అలంకారానికి చోటు లేదు. చెత్తబుట్ట చెత్తబుట్టలా కనిపించిందా లేదా, అంతే.

ఆమెదే ఇంకో కథ మూడో మెట్టుకు, అంటే సంబంధం లేని చోట వెతకడానికి, సరిగ్గా సరిపోతుంది. మెనూల్లో ప్రతి ఆజ్ఞ పక్కనా ఆపిల్ గుర్తు కనిపిస్తుంటే అతిగా ఉందని స్టీవ్ జాబ్స్ అభ్యంతరపెట్టాడు. కొత్త గుర్తు కావాలి, త్వరగా కావాలి. ఆమె గుర్తుల నిఘంటువు ఒకటి తిరగేసింది. నాలుగు మూలలా మెలిక తిరిగిన ఒక చతురస్రం కంటపడింది. స్వీడన్‌లో చూడదగిన ప్రదేశాన్ని సూచించడానికి రోడ్ల పక్కన పెట్టే గుర్తు అది. ఈనాటికీ ఆ కంపెనీ కీబోర్డుల మీద అదే ఉంది. ఇక్కడ గమనించవలసింది, ఆమె ఆ పుస్తకం తెరిచేసరికి ఏం కావాలో ఆమెకు తెలుసు: చిన్న సైజులో చెదరనిది, దేనికీ బొమ్మ కానిది, గుర్తుండేది. అవసరం చేతిలో పట్టుకుని వెతికింది. మనం చాలాసార్లు ఉత్త చేతులతో వెతుకుతాం.

జేమ్స్ డైసన్ కథ కూడా ఈ దారిదే. వాక్యూమ్ క్లీనర్ సంచీలో దుమ్ము నిండగానే పీల్చే బలం తగ్గిపోతోందన్న విసుగు ముందు ఉంది. గాలిని గిరగిరా తిప్పి దుమ్మును విడదీసే పెద్ద సైక్లోన్ గోపురం ఒక రంపపు మిల్లులో కనిపించింది. విసుగు ముందు లేకపోతే అది అతనికి ఒక గోపురంగానే మిగిలేది. ఆ పోలిక పనిచేసే యంత్రంగా మారడానికి 5,127 నమూనాలు పట్టాయని ఆయనే చెబుతాడు. ప్రేరణ గురించి మాట్లాడేవాళ్లు మిల్లు దగ్గరే కథ ఆపేస్తారు.

నా సొంత పద్ధతి చిన్నది. నాకు ఒక నోటుపుస్తకం ఉంది. పాత రేడియో డయళ్లు, వాతావరణ పటాలు, ముడులు వేయడం నేర్పే బొమ్మలు, మొక్కల శాస్త్రీయ చిత్రాలు, సంగీతపు స్వరలిపి, ఇలా డిజైనర్ల కోసం చేయనివి అందులో అతికిస్తాను. ఒక్కటే నియమం: ఎందుకు నచ్చిందో పక్కన ఒక వాక్యం రాయాలి. "బాగుంది" అన్నది వాక్యం కాదు. "అంకెలు అన్నీ ఒకే సైజులో ఉన్నా, ముల్లు సన్నగా ఉండటం వల్ల కన్ను నేరుగా దాని మీదికి వెళ్తోంది" అన్నది వాక్యం. రాయలేకపోతే అతికించను. ఈ నియమం వల్ల పుస్తకం నెమ్మదిగా నిండుతుంది. కానీ నాకు అవసరమైనప్పుడు గుర్తొచ్చేది బొమ్మ కాదు, ఆ వాక్యం.

అది పనికొచ్చిన ఒక సందర్భం. ఒక శిక్షణ సంస్థకు సంవత్సరం మొత్తం తరగతుల పోస్టర్ కావలసివచ్చింది. చాలా బృందాలు, ఒకదాని మీద ఒకటి పడే కోర్సులు, మధ్యలో సెలవులు. క్యాలెండర్‌లా వేస్తే రంగుల కలగాపులగం తప్ప ఏమీ కనిపించడం లేదు. పుస్తకంలో వాద్యబృందపు స్వరలిపి పేజీ పక్కన ఎప్పుడో రాసుకున్న మాట గుర్తొచ్చింది: "ఏ వాద్యం ఎప్పుడు మౌనంగా ఉందో కూడా కనిపిస్తోంది." ఆ సంస్థవారు నిజంగా వెతుక్కునేది కూడా అదే, ఏ బృందం ఎప్పుడు ఖాళీగా ఉంది అని. ఒక్కో బృందానికి ఒక్కో అడ్డు గీత, వారానికొక నిలువు గీత, ఖాళీ వారాలు తెల్లగా. పోస్టర్ చూసినవారెవరికీ సంగీతం గుర్తుకు రాలేదు. రాకపోవడమే మంచిది.

పని ఆపి నడవడానికి వెళ్లమని అందరూ సలహా ఇస్తారు. అందులో నిజం ఉంది, సగమే ఉంది. 1926లోనే గ్రాహం వాలస్ ఆలోచన పుట్టే క్రమాన్ని సన్నాహం, పొదగడం (పని పక్కన పెట్టి ఆలోచనను లోపల నాననివ్వడం), వెలుగు, సరిచూసుకోవడం అని నాలుగు దశలుగా చెప్పాడు. నడక రెండో దశ. మొదటిది లేకుండా నడిస్తే కాళ్లకు వ్యాయామం అవుతుంది. న్యూయార్క్ ప్రచారానికి ఎర్రటి హృదయం గుర్తుతో మిల్టన్ గ్లేసర్ చేసిన లోగో 1976లో టాక్సీలో వెళ్తుండగా ఒక కవరు ముక్క మీద పుట్టిందని అందరికీ తెలుసు, ఆ ముక్క ఇప్పుడు అదే నగరంలోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. అప్పటికి ఆయన ఆ పనిలో మునిగి ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. నా వరకు నేను, ఒక చిక్కుముడి మిగిలి ఉండగానే ఆ రోజుకు పని ఆపేస్తాను, ఫోను ఇంట్లో వదిలి బయటికి వెళ్తాను. ఫోను జేబులో ఉంటే పొదగడం జరగదు.

ఏమీ తట్టని రోజుల గురించి కూడా అడుగుతారేమో. నాకు అలాంటి రోజు వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ సమాచారం తక్కువైందనే అర్థం. ప్రేరణ కోసం ఎదురుచూడటం మాని క్లయింటుకు ఫోన్ చేసి ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాను.

చివరికి అదే రంగంలోని డిజైన్లు. ఇప్పుడు తెరవండి, నిశ్చింతగా చూడండి. ఈ దశలో అవి రెండు పనులకు బాగా ఉపయోగపడతాయి. ఒకటి, మీరు గీసినది ఇప్పటికే ఎవరిదైనా ఉందేమో చూసుకోవడం. ఇది తప్పనిసరి. చిత్రంతో వెతికే సౌకర్యం వాడండి, ట్రేడ్‌మార్క్ సంగతి క్లయింటు న్యాయవాదికి అప్పగించండి. రెండు, పనితనం. బొత్తాం సైజులో గుర్తు చెదరకుండా ఎవరు ఎలా నిలబెట్టారు, ఒక్క రంగులో అచ్చు వేసినప్పుడు నీడల్ని ఏం చేశారు వంటివి. మీ ఆలోచన ఒకటి అప్పటికే కాగితం మీద ఉంది కనుక, చూసినది దాన్ని మింగేయదు, మెరుగుపరుస్తుంది.

చిత్రాలు పుట్టించే ఏఐ సాధనాల్నీ నేను ఇదే దశలో ఉంచుతాను. అవి నేర్చుకున్నది ఇప్పటికే ఉన్న బొమ్మల నుంచే. మామూలు మాటలతో అడిగితే అందరికీ తట్టేదే ఇస్తాయి. ఒక విధంగా అది కూడా పనికొస్తుంది. ఒక లోగో అడిగి చూడండి, మీ మొదటి పేజీలో ఉన్నవి అక్కడ కనిపిస్తే వాటిని నిస్సంకోచంగా కొట్టేయవచ్చు.

ఈ వరుస అన్నిచోట్లా పనిచేయదు. కొన్ని మినహాయింపులు చెప్పాలి.

యాప్‌లు, వెబ్ ఫారాలు చేస్తుంటే అదే రంగపు డిజైన్లు ముందే చూడాలి. వెనక్కి వెళ్లే బాణం, వెతికే భూతద్దం, కొనే వస్తువులు వేసుకునే బండి (కార్ట్) గుర్తు జనానికి అలవాటైన చోట్ల ఉండాలి, అక్కడ కొత్తదనం వాడేవారికి శిక్ష. భద్రతా సూచికలు ఇంకా కఠినం. పొగ నిండిన గదిలో బయటికి దారి వెతుకుతున్న మనిషి ముందు మీ సృజన చూపించకండి.

నేర్చుకునే రోజుల్లో నకలు చేయడం తప్పు కాదు, చేయాలి కూడా. మంచి పోస్టర్ ఒకటి తీసుకుని, అక్షరాల మధ్య ఎడంతో సహా అచ్చంగా మళ్లీ కట్టి చూడండి. కన్ను దాటేసినది చేయి పట్టుకుంటుంది. అయితే అది సాధన పుస్తకంలో ఉండాలి, క్లయింటు ఫైలులో కాదు. రెండేళ్ల అనుభవం ఉన్న మీకు ఇది వారానికోసారి చేసినా మేలే.

ఒక పూటలో పని ఇవ్వాల్సి వస్తే ఈ మెట్లన్నీ ఎక్కలేరు. అప్పుడు కూడా అరగంటైనా కాగితానికి ఇచ్చాకే తెర తెరవండి.

క్లయింటు తానే ఒక బొమ్మ పట్టుకొచ్చి "ఇలా కావాలి" అంటే? కోపగించుకోకండి. అందులో ఏది నచ్చిందో వేలుతో చూపించమని అడగండి. చాలాసార్లు వాళ్లకు నచ్చింది ఆ లోగో కాదు, దాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలమో, ఆ కాగితం నాణ్యతో అయి ఉంటుంది.

ఇక మీ ఫిజియోథెరపీ కేంద్రం. అనుమతి తీసుకుని వేచి ఉండే గదిలో ఒక పూట కూర్చోండి. చికిత్స చేసేవారిని, "రోగులు మొదటి రోజు అడిగేది ఏమిటి, చివరి రోజు చెప్పేది ఏమిటి?" అని అడగండి. ఎవరో మళ్లీ మెట్లు ఎక్కగలిగారని, ఇంకెవరో చేయి వెనక్కి పెట్టి చొక్కా తొడుక్కోగలిగారని చెబుతారు. చేతులు పైకెత్తిన ఉత్సాహపు బొమ్మకంటే అలాంటి చిన్న కదలికలో మీకు ఎక్కువ సరుకు ఉంటుందని నా అంచనా. లోగో ఎక్కడెక్కడ ఉండబోతోందో కూడా జాబితా రాయించుకోండి: దూరం నుంచి చూసే బోర్డు, రోగికి ఇచ్చే వ్యాయామాల కాగితం, అపాయింట్‌మెంట్ చీటీ, సిబ్బంది చొక్కా జేబు. వ్యాయామాల కాగితం మామూలుగా నలుపు తెలుపు జిరాక్సే, రంగు మీద ఆధారపడిన ఆలోచన అక్కడ నిలబడదు. జేబు మీద దారంతో కుడతారు కనుక, ఎంత సన్నని గీత వరకు కుట్టగలరో ఎంబ్రాయిడరీ చేసేవారిని మొదటి స్కెచ్ గీయకముందే అడిగి తెలుసుకోండి.